జరగని ఆటల బిళ్లలు

మా ఆయన డ్రిల్లు మాస్టారు. జగ్గయ్యపేట హైస్కూలు గ్రౌండులో ఆయన ఈల వేస్తే మా వంటింట్లోకి వినపడేది. బందరులో కాలేజీ చదువుకునే రోజుల్లో మైలు పరుగులో ఆయన్ని మించినవాడు లేడని మా అత్తగారు గొప్పగా చెప్పేవారు. ఆయన మాత్రం ఆ సంగతి ఎత్తేవారు కాదు. మద్రాసు పోటీల్లో నెగ్గితే ఇంకా పై పోటీలకి పంపుతారని ఆశపడ్డారట. ఇంతలో యుద్ధం వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, అమ్మాయి.

మాకు ఒక్కతే అమ్మాయి. నడక రాగానే పరుగు నేర్చింది. కొట్టుకి పంపితే వెళ్ళడమూ పరుగే, రావడమూ పరుగే. చేతిలో కరివేపాకు రెబ్బలు సగం దారిలోనే రాలిపోయేవి. "దీనికి నీ రంగొచ్చింది, నా కాళ్ళొచ్చాయి" అనేవారు మా ఆయన.

ఎనిమిదో ఏట దానికి జ్వరం తగిలింది. ముందు గొంతు నొప్పి అంది. మిరియాల కషాయం ఇచ్చాను. తర్వాత మోకాళ్ళు వాచాయి, మోచేతులు వాచాయి, దుప్పటి అంచు తగిలినా ఏడ్చేది. కీళ్ల జ్వరమన్నారు. కొన్నాళ్ళకి జ్వరం తగ్గింది, వాపులూ తగ్గాయి, మొక్కులు తీర్చుకున్నాం. కానీ అది మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోవడం మొదలుపెట్టింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరుగారు చాలాసేపు గొట్టం పెట్టి విని, దాన్ని బయట బల్లమీద కూర్చోమని పంపి, మాతో అన్నారు.

"జ్వరం గుండెకి పట్టిందండి. లోపల తలుపులాంటిది ఒకటుంటుంది. అది సరిగ్గా మూసుకోవడం లేదు."

"ఆటలు ఆడొచ్చాండి?" అని అడిగారు మా ఆయన.

"ఆటలు వద్దు. పరుగు అసలు వద్దు. మెట్లు కూడా తగ్గించండి."

తిరుగు బస్సులో అది నాన్న భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. బెజవాడ దాటాక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "రేపు నాలుగో ఫారం పిల్లలకి పరుగు పందెం పెట్టా" అన్నారు.

ఆ రోజు నుంచి దాని లోకం మా ముందు వసారా. పక్కింట్లో మిషను బడి టీచరుగారు ఒకావిడ ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. సాయంత్రాలు వచ్చి అమ్మాయికి పాఠాలు చెప్పి వెళ్ళేవారు, అడగకుండానే. ఆవిడ చిన్నప్పుడు చదువు చెప్పించిన దొరసానమ్మ ఒకరు స్వదేశం వెళ్ళిపోతూ పాత కవర్ల కట్ట వదిలి వెళ్ళారట. ఒకరోజు టీచరుగారు ఆ కట్ట తెచ్చి మంచం మీద పెట్టి, "వీటి మీద తపాలా బిళ్లలు ఊడదీసుకో అమ్మా, పొద్దు పోతుంది" అన్నారు.

పళ్ళెంలో నీళ్ళు పోసి, కవరు ముక్కలు నానబెట్టి, బిళ్ల జారి పైకి తేలాక పాత పేపరు మీద బోర్లా ఆరబెట్టడం మాకు పని అయింది. అంటించడానికి తుమ్మజిగురు నేనే కాచి ఇచ్చేదాన్ని. రాజుల తలలు, ఓడలు, పక్షులు ఉండేవి. ఒక కవరు వెనకవైపు మాత్రం మామూలు బిళ్లకన్నా పెద్దది ఒకటి దొరికింది. దాని మీద ఒక మనిషి ఒంటిమీద బట్టలు లేకుండా పరిగెడుతున్నాడు. వెనక భూగోళం. కింద 1940 అని అంకెలు. ఎక్కడా ధర లేదు.

నాన్న బడి నుంచి రాగానే అమ్మాయి చూపించింది. ఆయన కూర్చోకుండానే చేతిలోకి తీసుకున్నారు.

"ఇది బిళ్ల కాదమ్మా, లేబులు. ఒలింపిక్ ఆటలు వస్తున్నాయని అందరికీ తెలియడానికి కవర్ల మీద అంటించేవాళ్ళు. ముందు టోక్యోలో అన్నారు. జపానువాళ్ళు చైనాతో యుద్ధంలో పడి మావల్ల కాదన్నారు. అప్పుడు ఫిన్లాండుకి ఇచ్చారు. ఇది వాళ్ళది."

"ఎవరు గెలిచారు నాన్నా?"

"ఎవరూ గెలవలేదు. ఆటలే జరగలేదు. వాళ్ళ మీదికీ యుద్ధం వచ్చింది."

"మరి పరిగెత్తేవాళ్ళంతా ఏం చేశారు?"

ఆయన లేబులు తిరగేసి, మళ్ళీ ఇటు తిప్పి చూశారు. "కొంతమంది సిపాయిలయ్యారు. కొంతమందికి వయసు దాటిపోయింది. కొంతమంది డ్రిల్లు మాస్టర్లయ్యారు" అన్నారు. నవ్వబోయారుగానీ నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి అమ్మాయి రాజుల తలలన్నీ వీధి పిల్లలకి పంచిపెట్టేసింది. జరగని ఆటల బిళ్లలే కావాలంది. అవే ఎందుకే అని అడిగాను.

"జరిగిన ఆటలకి బోల్డంతమంది ఉంటారమ్మా. వీటికెవరున్నారు?"

జగ్గయ్యపేటలో అలాంటివి ఎవరిని అడగాలి? మా ఆయన ఇంగ్లీషు పత్రిక ఒకటి తెప్పించి, అందులో కలం స్నేహితుల చిరునామాలు చూసి, ఫిన్లాండు వాళ్ళకి అమ్మాయి చేత ఉత్తరాలు రాయించారు. చాలాకాలం ఏమీ రాలేదు. చివరికి హెల్సింకి నుంచి ఒక ముసలాయన జవాబు రాశాడు. మందుల షాపు నడుపుతాడట. భార్య పోయింది. ఒంటరిగా ఉంటాడు. తన దగ్గర ఆ లేబుళ్ళు రకరకాల భాషల్లో ఉన్నాయని, ఒక్కొక్కటే పంపుతానని, బదులుగా గుళ్ళ బొమ్మలున్న మన దేశం బిళ్లలు కావాలని రాశాడు.

ఒక్కొక్కటే ఎందుకని మా ఆయన ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం అర్థమైంది. ఆ ముసలాయనకీ ఉత్తరాలు కావాలి.

అలా ఆ పరిగెత్తే మనిషి మా ఇంటికి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ప్రతిసారీ బొమ్మ కింద భాష వేరు. ఒకసారి వచ్చినదాని మీద బొమ్మ అదేగానీ అంకెలు 1952. యుద్ధం అయ్యాక అదే ఊళ్ళో ఆటలు జరిగాయని, పాత బొమ్మకే అంకెలు మార్చి వాడుకున్నారని ముసలాయన రాశాడు. అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"పాపం, పన్నెండేళ్ళు పరిగెత్తాడమ్మా ఇతను" అంది.

మరొక ఉత్తరంలో ఇంకో సంగతి రాశాడు. 1944లో జరగాల్సిన ఆటలు కూడా యుద్ధంవల్ల ఆగిపోయాయి. అప్పుడు జర్మనీ ఖైదులో ఉన్న పోలండు సైనికులు ముళ్ళకంచె లోపలే ఆటలు పెట్టుకున్నారట. దుప్పటితో జెండా కుట్టుకున్నారట. చెక్కమీద బొమ్మ చెక్కి బిళ్లలు కూడా అచ్చువేసుకున్నారట. అవి తన దగ్గర లేవని, ఒక స్నేహితుడి దగ్గర చూశానని, చూసింది చూసినట్టు పెన్సిలుతో గీసి పంపాడు.

అమ్మాయి ఆ కాగితం రోజంతా వదల్లేదు. సాయంత్రం నాన్న రాగానే అడిగింది.

"ఖైదులో ఆటలాడనిచ్చారా నాన్నా?"

"ఆడనిచ్చారట. కొన్ని మాత్రం వద్దన్నారట."

"నాకూ కొన్నే కదా వద్దన్నారు. మనం కూడా పెట్టుకుందాం."

అలా మా వసారాలో ఆటలు జరిగాయి. కూర్చుని ఆడేవే. గచ్చకాయలు, వామనగుంటలు, అష్టాచెమ్మా. వీధి పిల్లలంతా వచ్చారు. టీచరుగారు తెల్ల దుప్పటి ఇస్తే మా ఆయన దాన్ని వసారా స్తంభానికి కట్టారు. బంగాళాదుంప సగానికి కోసి, అమ్మాయి దాని మీద బ్లేడుతో ఊరి పేరు చెక్కింది. దీపం మసిలో నూనె కలిపి అద్ది కాగితం మీద వేస్తే అక్షరాలు తిరగబడి పడ్డాయి. అందరూ నవ్వారు. అది కూడా నవ్వి, "ఉండనీండి, అద్దంలో చూసుకుంటే మనూరే" అంది. మా ఆయన మెడలో ఈల వేసుకుని, స్కూలు పోటీలకి వేసుకునే తెల్ల ప్యాంటు తొడుక్కుని, గచ్చకాయల పోటీకి ఈల వేశారు. అమ్మాయి గెలిచింది. ఎవరూ కావాలని ఓడిపోలేదు. దాని చేతులు అంత చురుకు.

ఆ తిరగబడ్డ అక్షరాల బిళ్లలు కొన్ని హెల్సింకి వెళ్ళాయి. అవి అద్దంలో చూసుకుని చదివానని, ఇలాంటివి ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేవని ముసలాయన రాశాడు.

తర్వాత ఏడాది దానికి ఆయాసం ఎక్కువైంది. పాదాలు వాచేవి. బెజవాడలో ఒక డాక్టరు దగ్గరికి తరచూ వెళ్ళాల్సి వస్తుందని మా ఆయన అడిగి నందిగామకి బదిలీ చేయించుకున్నారు. అక్కడైతే బస్సులు దండిగా ఉంటాయి, ప్రయాణమూ తగ్గుతుంది. సామాను ఎడ్లబండిలో ముందు పంపి, మేము ముగ్గురం బస్సెక్కాం. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగినప్పుడు ఒకావిడ తాటి ముంజెలు అమ్ముతుంటే అమ్మాయి అడిగింది. కొనిపెట్టాను. నీళ్ళు గౌను మీద కారుతుంటే తుడుచుకోకుండా తింది.

నందిగామలో కోర్టుకి వెనక వీధిలో చిన్న ఇల్లు. అమ్మాయి ఎక్కువగా పడుకునే ఉండేది. ఓపిక ఉన్నప్పుడు నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పేది. పుస్తకం లేదు, పలకా లేదు. ఆ లేబుళ్ళే.

"ఇదేమిటో చెప్పు."

"నిచ్చెన."

"నిచ్చెన కాదమ్మా, హెచ్. హెల్సింకి."

"నాకు నిచ్చెనలాగే ఉంది."

"సరే, నిచ్చెన అనే గుర్తుపెట్టుకో. ఊరి పేరు చదివితే చాలు."

నేను చదివాను. ఊరి పేరు, దేశం పేరు, తర్వాత ముసలాయన రాసే చిన్నచిన్న మాటలు. నా పేరు ఇంగ్లీషులో రాయడం వచ్చిన రోజు అది నాన్నతో చెప్పి నాకు చప్పట్లు కొట్టించింది. దానికి మిగిలిన కోరిక టోక్యో లేబులు. అవి అరుదని, వెతుకుతున్నానని ముసలాయన రాస్తూ వచ్చాడు.

ఒక వానాకాలం ఉదయం, పెరుగన్నం రెండు ముద్దలు తిని, ఇక చాలంది. వీపు వెనక దిండు సర్దమంది. సర్దుతుండగా నా చేతిమీదికి ఒరిగిపోయింది. మా ఆయన బడిలో ఉన్నారు. కబురు అందగానే ఆ మనిషి వానలో వీధి పొడవునా పరిగెత్తుకుంటూ వచ్చారు. పెళ్ళయ్యాక ఆయన పరిగెత్తడం నేను చూసింది అదే. అప్పటికి ఇక తొందర లేదు.

వచ్చినవాళ్ళంతా దాని రాత అన్నారు. బాధపడకుండా పోయింది, అదే నయం అన్నారు. ఇంత జబ్బు పిల్లకి పెళ్ళి ఎలా చేసేవాళ్ళు, దేవుడే తీసుకుపోయాడు అని కూడా అన్నారు. జగ్గయ్యపేట నుంచి టీచరుగారు వచ్చి నా పక్కన ఊరికే కూర్చున్నారు. తర్వాత మా ఇంట్లో దాని పేరు ఎవరం పలకలేదు. ఆయన పలికితే నేనేమవుతానో అని ఆయన, నేను పలికితే ఆయనేమవుతారో అని నేను.

అప్పుడు హెల్సింకి నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద దాని పేరు. మా ఆయన చదివి, బల్ల ముందు కూర్చుని, జవాబు రాశారు. నాకు అక్షరాలు వచ్చు కదా. చివర సంతకం చోట ఆయన పేరు లేదు. అమ్మాయి పేరుంది. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాను.

అలా ఆయన రాస్తూనే వచ్చారు. ఆ నెల వానలు బాగా పడ్డాయని, పరీక్షలు దగ్గర పడ్డాయని, ఒంట్లో కులాసాగా ఉందని. ఉత్తరం పోస్టు చేసి వచ్చిన రోజు కాస్త అన్నం తినేవారు. అందుకని నేను కూడా నోరు మెదపలేదు. అది బతికి ఉన్న ఊరు ఒకటి ఎక్కడో మంచులో ఉందని నాకూ అనిపించేది. అబద్ధమైనా, వద్దనడానికి మనసొప్పలేదు.

ఒకరోజు వచ్చిన కవరు మందంగా ఉంది. లోపల అట్టముక్కల మధ్య టోక్యో లేబులు. ముసలాయన వేరే దేశం నుంచి సంపాదించాడట. ఇది నీ చేతికి అందిన రోజు ఎంత సంతోషించావో వివరంగా రాయి అని రాశాడు. మా ఆయన ఆ వాక్యం నాకు చదివి వినిపించారు. కలం తీశారు. చాలాసేపటికి కాగితం మీద తేదీ మాత్రం ఉంది.

"ఏం రాయను?" అన్నారు. అమ్మాయి పోయాక నాతో ఆయన దాని గురించి అన్న మొదటి మాట అదే.

"ఇంక చెప్పాలండి."

"నావల్ల కాదు. ఇన్నాళ్ళూ రాసి, ఇప్పుడా?"

"నేను రాస్తా."

"నువ్వా?"

"అదే కదండీ నేర్పింది" అన్నాను.

నాకు వచ్చిన మాటలే రాశాను. మా అమ్మాయి లేదు. పోయిన వానాకాలంలో పోయింది. తర్వాత ఉత్తరాలు వాళ్ళ నాన్న రాశారు. కోపం వద్దు. కింద నా పేరు. టోక్యో లేబులు తిరిగి పంపడానికి కవర్లో పెట్టాను. మా ఆయన చదివి ఒక్క తప్పూ దిద్దలేదు. ఏవో తప్పులు ఉండే ఉంటాయి.

జవాబు రావడం ఆలస్యమైంది. ఇక రాయడనుకున్నాం. వచ్చినప్పుడు కవరు మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లోపల టోక్యో లేబులు మళ్ళీ ఉంది. ఇది ఆ అమ్మాయిది, నాకెందుకు అన్నాడు. కోపం లేదన్నాడు. తర్వాత ఇలా రాశాడు: "నేను ఆ అమ్మాయిని చూడలేదు. ఎలా నవ్వేది? ఏం తినడం ఇష్టం? ఎవరితో పోట్లాడేది? ఓపిక ఉన్నప్పుడు రాయండి."

అది పోయాక మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ ఆ మాట అడగలేదు. మా ఆయన ఆ కాగితం పట్టుకుని నా వైపు చూశారు.

"దానికేమిష్టమే?"

"ముంజెలు. చిల్లకల్లు దగ్గర తింది కదా, గౌనంతా చేసుకుని."

"ముంజెల్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదే."

"చెట్టుకి కాసే మంచుగడ్డ అని రాయండి. ఆయనకి మంచు తెలుసుగా."

ఆయన రాశారు. రాస్తూ రాస్తూ కలం పక్కన పెట్టి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకేచోట కూర్చుని ఏడవడం అదే మొదలు.

ఆ తర్వాత కొన్నేళ్ళు అదే మా పని. ఆదివారం మధ్యాహ్నం నేను చెప్పేదాన్ని, ఆయన ఇంగ్లీషులోకి మార్చి రాసేవారు. ఏ ఒక్క సంగతిలోనూ మాకు కుదిరేది కాదు. అది పోట్లాడింది పక్కవీధి పిల్లతో అని నేను, కాదు ఆ పిల్ల చెల్లెలితో అని ఆయన. ముసలాయన రెండూ రాయమనేవాడు. తన ఊళ్ళో సముద్రం గడ్డకట్టిందని, మళ్ళీ కరిగిందని రాసేవాడు. చేతివ్రాత వణకడం మొదలైంది. తర్వాత ఉత్తరాలు చిన్నవయ్యాయి. తర్వాత ఆగిపోయాయి. మేము రాసిన రెండు ఉత్తరాలకి జవాబు లేదు. ఏం జరిగిందో మాకు చెప్పేవాళ్ళు ఆ దేశంలో ఎవరూ లేరు. మా ఆయన కొన్నాళ్ళు పోస్టాఫీసుకి వెళ్ళి అడిగి వచ్చేవారు. తర్వాత మానేశారు. మా ఆదివారాలు మళ్ళీ మాట లేకుండా గడవడం మొదలైంది.

1964లో టోక్యోలో ఆటలు జరిగాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నందిగామ ఇంటి అరుగు మీద పేపరు చదువుతున్నారు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పరుగు పందేల వార్త దగ్గర ఆగి, పేపరు మడిచి, ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టారు.

"నువ్వు మీ పుట్టింటికెళ్ళినప్పుడు ఒకసారి, పొద్దున్నే, దాన్ని ఎత్తుకుని పేట గ్రౌండుకి తీసుకెళ్ళా. 'నువ్వు మైలు పరిగెత్తు నాన్నా, నేను చూస్తా' అంది. ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. దాన్ని గట్టుమీద కూర్చోబెట్టి, చేతికి నా వాచీ ఇచ్చి పరిగెత్తా. అప్పటికే నాకు పొట్టొచ్చింది. చివరి చుట్టు దాదాపు నడిచా. వచ్చి దాని ముందు కూలబడి, ఎంతసేపు పట్టిందే అని అడిగా. వాచీ చూసి చెప్పింది."

"ఎంతంది?"

"అది చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఎవడూ అంత తొందరగా పరిగెత్తలేదు. ముందు వాచీ చూడ్డం రాలేదేమో అనుకున్నా. రాకేం, బాగా వచ్చు. మొహంలోకి చూస్తే నవ్వడం లేదు. సరేనమ్మా అన్నా."

నేను చేట పక్కన పెట్టాను. ఇన్ని ఆదివారాలు కూర్చుని రాశాం. అది చూసిన కుక్కపిల్లల గురించి కూడా రాశాం. ఈ సంగతి మాత్రం నాకు తెలీదు.

"ఇది ఆ పెద్దాయనకి ఎందుకు రాయలేదండీ?"

"ప్రతిసారీ ఈసారి రాద్దామనే అనుకున్నా. ఇది కూడా అయిపోతే ఇంక చెప్పడానికి ఏం మిగుల్తుందని ఆపుకున్నా."

వీధిలో ఎవరూ లేరు. ఎండ అరుగు అంచుదాకా వచ్చింది.

"ఆ రోజు దాని ఒంటిమీద ఏ గౌనుంది?" అని అడిగాను.

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"నీలం గౌను. చలిగా ఉందంటే పైన నా కోటు కప్పా" అన్నారు.